ఆల్గే మోడల్ కాలిబ్రేషన్: చేత్తోనా, ఆప్టిమైజర్‌తోనా, బేయీసియన్ పద్ధతిలోనా?

సరస్సులోనో రిజర్వాయర్‌లోనో ఆల్గే (నాచు) పెరుగుదలకు మోడల్ కట్టినవాళ్లందరికీ ఒక దశలో ఎదురయ్యే ప్రశ్న ఇది: పారామీటర్లను, అంటే మోడల్ లోపలి రేట్లలాంటి విలువలను, కొలతలకు సరిపోయేలా ఎలా సర్దాలి? ఈ సర్దడాన్నే కాలిబ్రేషన్ అంటారు. పారామీటర్లను ఒక్కొక్కటిగా చేత్తో మార్చుకుంటూ పోవాలా? సరిపోయే విలువల్ని తానే వెతికే పెస్ట్ లాంటి సాఫ్ట్‌వేర్‌కు (ఆప్టిమైజర్‌కు) అప్పగించాలా? లేక డేటాకు సరిపోయే విలువలన్నిటినీ వెతికే ఎంసీఎంసీ అనే బేయీసియన్ పద్ధతి నడిపి అనిశ్చితితో సహా లెక్క తేల్చాలా? జవాబును మూడు విషయాలు నిర్ణయిస్తాయి: మోడల్ ఒక్కసారి నడవడానికి పట్టే సమయం, మీ దగ్గరున్న కొలతలు, ఆ మోడల్ ఆధారంగా రేపు తీసుకోబోయే నిర్ణయం. మూడోదాన్ని చాలామంది చివరిదాకా పట్టించుకోరు. నా లెక్కలో మొదట తేల్చుకోవాల్సింది అదే.

చిక్కు ఎక్కడుంది

నీటిలో ఆల్గే ఎంత ఉందనేది రెండు రేట్ల మధ్య తేడా మీద ఆధారపడుతుంది. ఒకటి పెరుగుదల: వెలుతురు, ఉష్ణోగ్రత, ఫాస్ఫరస్, నైట్రోజన్ అందిన మేరకు కణాలు విభజన చెందుతాయి. రెండోది నష్టం: శ్వాసక్రియ, అడుగుకు దిగిపోవడం, జూప్లాంక్టన్ (నీటిలో తేలే చిన్న జంతువులు) తినేయడం, బయటికి పోయే నీటితో కొట్టుకుపోవడం. కుళాయి తిప్పి ఉంచిన తొట్టెకు అడుగున చిల్లు కూడా ఉంటే, నీటిమట్టం చూసి కుళాయి ఎంత తిప్పారో, చిల్లు ఎంత పెద్దదో విడివిడిగా చెప్పలేం. ఆల్గేలోని ఆకుపచ్చ పదార్థమైన క్లోరోఫిల్ కొలతలతో మన పరిస్థితి సరిగ్గా ఇదే.

లెక్క వేసి చూడండి. ఒక కాలిబ్రేషన్‌లో పెరుగుదల రోజుకు 1.0, నష్టం 0.8 వచ్చాయి. ఇంకో కాలిబ్రేషన్‌లో పెరుగుదల 0.6, నష్టం 0.4. రెండింట్లోనూ నికరం 0.2, గ్రాఫ్‌లో గీతలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ఇప్పుడు ఫాస్ఫరస్ తగ్గించే ప్రణాళిక వల్ల పెరుగుదల సగానికి పడిపోయిందనుకుందాం. మొదటి మోడల్‌లో 0.5 నుంచి 0.8 తీసేస్తే మైనస్ 0.3, అంటే రెండున్నర రోజులు తిరక్కుండానే ఆల్గే సగమవుతుంది. రెండో మోడల్‌లో మైనస్ 0.1, సగమవడానికి వారం పడుతుంది. గతాన్ని ఒకేలా చూపించిన రెండు మోడళ్లు భవిష్యత్తు గురించి వేర్వేరు మాటలు చెబుతున్నాయి. వేర్వేరు పారామీటర్ గుంపులు ఒకే ఫలితాన్నివ్వడాన్ని హైడ్రాలజీలో కీత్ బెవెన్ 'ఈక్విఫైనాలిటీ' అన్నాడు. ఆల్గే మోడళ్లలో ఇది ఎప్పుడో ఒకసారి తగిలే ఇబ్బంది అనుకోకండి, దాదాపు ప్రతిసారీ ఉంటుంది.

దీనికి తోడు ఇంకో గొడవ. మోడల్ లోపల లెక్క కార్బన్‌లోనో ఫాస్ఫరస్‌లోనో నడుస్తుంది, మనం కొలిచేది క్లోరోఫిల్. కార్బన్‌కు, క్లోరోఫిల్‌కు మధ్య నిష్పత్తి మసక వెలుతురులో 20 దగ్గర ఉండి, ఎండ బాగా తగిలి పోషకాలు తక్కువైనప్పుడు 100 కూడా దాటుతుంది. మోడల్‌లో దాన్ని 50 దగ్గర బిగించేస్తే, ఆ తప్పునంతా వేరే పారామీటర్లు మోయాలి. మోస్తాయి కూడా, మనకు చెప్పకుండా.

అసలు డైనమిక్ మోడల్ కావాలా?

డైనమిక్ మోడల్ అంటే కాలంతోపాటు వచ్చే మార్పును అడుగడుగునా లెక్కించేది. పద్ధతులు పోల్చే ముందు ఈ ప్రశ్న అడగడం ఉచితం. "బయటి నుంచి వచ్చే ఫాస్ఫరస్ ఇంత తగ్గిస్తే సరస్సులో సగటున ఎంత ఉంటుంది?" అన్నదే మీ ప్రశ్నయితే, వోలెన్‌వైడర్ తరహా సమీకరణం చాలు. లోపలికి వచ్చే నీటిలోని ఫాస్ఫరస్ గాఢతను, నీరు నిలిచే కాలం (ఏళ్లలో) వర్గమూలానికి ఒకటి కలిపి, దానితో భాగించడమే. నీరు ఏడాదిపాటు నిలిచే సరస్సులో వచ్చిన గాఢతలో సగం ఉంటుందని చెబుతుంది. కాలిబ్రేట్ చేయడానికి ఏమీ ఉండదు, అందుకే తప్పుదారి పట్టించే అవకాశమూ తక్కువ. బ్లూమ్ (ఆల్గే ఒక్కసారిగా విపరీతంగా పెరగడం) ఎప్పుడొస్తుంది, ఏ రకం ఆల్గే వస్తుంది, నీటిని ఏ లోతు నుంచి తీయాలి అన్న ప్రశ్నలున్నప్పుడే జీఎల్ఎం-ఏఈడీ, పీసీలేక్, సీఈ-క్వాల్-డబ్ల్యూ2 లాంటి డైనమిక్ మోడళ్ల దగ్గరికి వెళ్లండి.

వెళ్తే, ముందు నీటిని సరిచేయండి. నీటిమట్టం, ఉష్ణోగ్రత పొరలు, ఎండాకాలంలో థర్మోక్లైన్ (వెచ్చటి పై నీటికి, చల్లటి అడుగు నీటికి మధ్య పొర) ఎంత లోతున ఏర్పడుతోంది, కరిగిన ఆక్సిజన్, ఆ తర్వాత పోషకాలు, చివర్లో ఆల్గే. ఈ వరస తిరగేస్తే ఏమవుతుందంటే, పై పొర మందం తప్పుగా ఉన్న మోడల్‌లో కణాలకు అందే వెలుతురు తప్పవుతుంది, దాన్ని కప్పిపుచ్చడానికి పెరుగుదల రేటు ఎక్కడికో పోతుంది. అర్హాన్‌డిట్సిస్, బ్రెట్ 2004లో ప్రచురించిన సమీక్షలో 153 జలావరణ మోడళ్లను పరిశీలిస్తే, ఉష్ణోగ్రత, ఆక్సిజన్ బాగా సరిపోయాయి, ఆల్గే దగ్గరికి వచ్చేసరికి తగ్గింది, జూప్లాంక్టన్ దగ్గర ఇంకా తగ్గింది. వాగులు, నదుల నుంచి వచ్చే ఫాస్ఫరస్ లెక్క మీద పెట్టిన శ్రమ, ఏ ఆప్టిమైజర్ మీద పెట్టిన శ్రమకన్నా ఎక్కువ ఫలితం ఇస్తుంది. వరద వచ్చిన రెండు మూడు రోజుల్లోనే ఏడాది ఫాస్ఫరస్‌లో పెద్ద వాటా కొట్టుకురావచ్చు, నెలకోసారి తీసే నమూనాకు ఆ రోజులు దొరక్కపోవచ్చు. అడుగున ఆక్సిజన్ అయిపోయినప్పుడు బురద నుంచి విడుదలయ్యే ఫాస్ఫరస్ కూడా అంతే, దాన్ని మోడల్‌లో సున్నా చేసి ఆల్గే పారామీటర్లతో సర్దుకోవడం పనికిరాదు.

ఎన్నిసార్లు నడపగలరో లెక్క వేసుకోండి

వన్‌డీ మోడల్, అంటే లోతును మాత్రమే చూసేది, ఒక ఏడాదిని నిమిషంలో పూర్తి చేస్తుందనుకుంటే కంప్యూటర్‌లో ఒక్క కోర్ మీద రోజుకు 1440 రన్‌లు. త్రీడీ మోడల్‌కు ఆరు గంటలు పడితే రోజుకు నాలుగు. ఈ ఒక్క తేడా సగం పద్ధతుల్ని జాబితా నుంచి కొట్టేస్తుంది.

ఏ పద్ధతికి వెళ్లినా ముందు స్క్రీనింగ్ చేయండి, అంటే ఫలితాన్ని ఎక్కువగా మార్చే పారామీటర్లేవో వడపోయండి. ఇరవై పారామీటర్లతో, ఒక్కోసారి ఒక్కోదాన్నే కదుపుతూ పోయే మోరిస్ పద్ధతిలో పదిహేను దారులు నడిపితే 315 రన్‌లు అవుతాయి. అదే ఇరవై పారామీటర్లకు, ఒక్కోదాని ప్రభావం ఎంతో అంకెల్లో చెప్పే సోబోల్ సూచికలు వెయ్యి నమూనాలతో తీస్తే 22,000. మోరిస్ చాలు అని నా అభిప్రాయం. మీకు కావాల్సింది ఏ ఐదారు పారామీటర్లు ముఖ్యమో తెలియడం, వాటి ప్రభావం దశాంశాల్లో తెలియడం కాదు. మిగతావాటిని ప్రచురిత విలువల దగ్గర బిగించి వదిలేయండి. ఏడాదికి పన్నెండు క్లోరోఫిల్ కొలతలున్నచోట ఇరవై పారామీటర్లనూ బిగించకుండా మారనివ్వడం కాలిబ్రేషన్ అనిపించుకోదు.

చేత్తో ట్యూన్ చేయడం

పాతకాలపు పద్ధతి అని చిన్నచూపు చూస్తారుగానీ, మొదటి కొన్ని రోజులు దీనితోనే మొదలుపెట్టమంటాను. డయాటమ్‌లు (సిలికా గుల్ల ఉండే ఆల్గే) వసంతంలో ఎందుకు ముందే కూలిపోతున్నాయి, సిలికా అయిపోయిందా, పొరలు ఏర్పడి అడుగుకు దిగిపోతున్నాయా అన్నది ఒక్కో గీత చూస్తూ మార్చినప్పుడే తెలుస్తుంది. ఇన్‌పుట్ ఫైల్‌లో యూనిట్ తప్పు పడితే దొరికేది కూడా ఇక్కడే. ఆప్టిమైజర్‌కు ఇచ్చి ఉంటే ఆ తప్పును కూడా చక్కగా ఫిట్ చేసి చేతికిచ్చేది.

లోపం ఏమిటంటే కంటికి నచ్చగానే ఆగిపోతాం. రెండో మనిషి అదే డేటాతో కూర్చుంటే వేరే విలువల దగ్గర ఆగుతాడు. అనిశ్చితి ఎంతో అస్సలు తెలియదు. రన్‌కు గంటలు పట్టే త్రీడీ మోడల్‌కు మాత్రం తరచూ ఇది తప్ప వేరే దారి ఉండదు. అలాంటప్పుడు ఒక మధ్యేమార్గం ఉంది: అదే జీవరసాయన భాగాన్ని వన్‌డీ మోడల్‌కు తగిలించి అక్కడ కాలిబ్రేట్ చేసి, ఆ విలువల్ని త్రీడీకి తీసుకెళ్లి చేత్తో కాస్త సర్దడం.

లోకల్ గ్రేడియంట్: పెస్ట్ తరహా

ఒక్కో పారామీటర్‌ను కొద్దిగా కదిపి, ఫలితం ఎటు మారుతోందో చూసి, అటు అడుగు వేసే పద్ధతి ఇది. పది పారామీటర్లుంటే ఒక అడుగుకు పదకొండు రన్‌లు, మొత్తం వందా రెండు వందల్లో పని ముగుస్తుంది. రన్ సమయం మధ్యస్థంగా ఉన్నవాళ్లకు బాగా కుదురుతుంది. ఏ రెండు పారామీటర్లు ఒకదాని తప్పును ఇంకోటి సర్దుకుంటున్నాయో చూపించే సహసంబంధ పట్టిక కూడా వస్తుంది, ఆ పట్టిక కోసమైనా దీన్ని ఒకసారి నడపొచ్చు. పైన చెప్పిన పెరుగుదల, నష్టాల జోడీ అందులో 0.95 పైన కనిపిస్తే ఆశ్చర్యపోకండి. రెండింట్లో ఒకదాన్ని బిగించండి.

ఆల్గే మోడళ్లలో దీని ఇబ్బంది మలుపుల దగ్గర వస్తుంది. ఏ పోషకం తక్కువుంటే పెరుగుదలను అదే ఆపుతుందన్న లీబిగ్ నియమం, ఆక్సిజన్ ఒక స్థాయి కిందికి పోగానే బురద తలుపు తెరుచుకోవడం, ఇవన్నీ ఫలితాన్ని ఒక్కసారిగా మార్చేస్తాయి. గ్రేడియంట్ పద్ధతి అలాంటిచోట మొదలుపెట్టిన దగ్గర్లోని గుంటలో చిక్కుకుపోతుంది. నాలుగైదు వేర్వేరు చోట్ల నుంచి మొదలుపెట్టి, ఒకే దగ్గరికి చేరుతోందా అని చూడటం తప్పనిసరి.

గ్లోబల్ ఆప్టిమైజర్లు

ఇవి మొదలుపెట్టిన చోటి చుట్టే కాకుండా మొత్తం పరిధిలో వెతుకుతాయి. వీటిలో ఎస్‌సీఈ-యూఏ 1992 నుంచి హైడ్రాలజీలో వాడుకలో ఉంది. డిఫరెన్షియల్ ఎవల్యూషన్, సీఎంఏ-ఈఎస్ కూడా ఇదే కోవ. వీటికి వేలల్లో రన్‌లు కావాలి. రన్‌ల సంఖ్యకు ముందే హద్దు ఉందంటే టాల్సన్, షూమేకర్ 2007లో ఇచ్చిన డీడీఎస్ వైపు చూడండి. ఐదు వందలు మాత్రమే నడపగలను అని చెబితే, మొదట విశాలంగా వెతికి, చివరికొచ్చేకొద్దీ తక్కువ పారామీటర్లను కదుపుతూ ఆ బడ్జెట్‌లోనే ముగిస్తుంది. సెట్టింగులు కూడా దాదాపు ఉండవు. ఒకే ఒక మంచి పారామీటర్ గుంపు చాలనుకునేవాళ్లకు నేను ముందు చెప్పే పేరు ఇదే.

ఆప్టిమైజర్ ముగించాక స్కోరుకన్నా ముందు హద్దులు చూడండి. ఏదైనా పారామీటర్ మీరిచ్చిన పరిమితి అంచుకు అతుక్కుని ఉంటే, మోడల్‌లో లేని ప్రక్రియ ఏదో ఉందని, దాని పని ఈ పారామీటర్ చేస్తోందని అర్థం కావచ్చు. అప్పుడు పరిమితిని ఇంకాస్త జరిపి మళ్లీ నడపడం చాలామంది చేసే పని. ఆ టెంప్టేషన్‌కు లొంగకండి.

గ్లూ, ఎంసీఎంసీ

ఒక్క మంచి గుంపు కాకుండా, డేటాకు సరిపోయే గుంపులన్నిటినీ వెతికే పద్ధతులు ఇవి. బెవెన్, బిన్లీ 1992లో ప్రతిపాదించిన గ్లూ సులభం: పరిధి అంతటా సమంగా పరుచుకునేలా (లాటిన్ హైపర్‌క్యూబ్‌తో) కొన్ని వేల గుంపులు తీసి, అన్నిటినీ నడిపి, స్కోరు ఒక గీత పైనున్నవాటిని ఉంచుకుని మిగతావి పారేయడమే. ఆ గీత ఎక్కడ గీయాలన్నది మన ఇష్టం, గణాంక శాస్త్రజ్ఞుల ప్రధాన అభ్యంతరం కూడా అదే. ఎంసీఎంసీలో, ముఖ్యంగా డ్రీమ్ లాంటి రకాల్లో, ఈ సొంత నిర్ణయం ఉండదు. దానికి బదులు తప్పుల స్వభావం ముందే చెప్పాలి. ఇక్కడే ఎక్కువమంది జారుతారు. క్లోరోఫిల్ 5 ఉన్నప్పటి తప్పు, 80 ఉన్నప్పటి తప్పు ఒకే పరిమాణంలో ఉండవు, కాబట్టి లాగరిథమ్‌లోకి మార్చాలి. నీటిపై తేలే బోయా మీద పది నిమిషాలకోసారి వచ్చే రీడింగులను వేటికవే స్వతంత్రమైనవిగా లెక్కిస్తే, వేల కొలతలున్నాయని నమ్మి ఎంసీఎంసీ వెంట్రుకవాసి అనిశ్చితిని చూపిస్తుంది. ఆ సన్నటి పట్టీని చూసి సంతోషించడానికి ఏమీ లేదు.

తప్పుల గురించి నిజాయితీగా చెప్పలేనప్పుడు సరిగా చేయని ఎంసీఎంసీకన్నా, గీత ఎక్కడ గీశారో బయటికి చెప్పిన గ్లూ మేలని నా అభిప్రాయం. ఇది అందరూ ఒప్పుకునే మాట కాదని తెలుసు.

ఎన్‌సెంబుల్ కాల్మన్ ఫిల్టర్‌ను కూడా కొందరు ఈ జాబితాలో కలుపుతారు. అది ముఖ్యంగా మోడల్ ప్రస్తుత స్థితిని కొత్త కొలతలతో సరిదిద్దుతుంది. వచ్చే వారం బ్లూమ్ వస్తుందా అన్న హెచ్చరికకు బాగుంటుంది. పదేళ్ల తర్వాతి పరిస్థితి తెలుసుకోవాలంటే సరిదిద్దడానికి రేపటి కొలతలు ఉండవు కదా.

స్కోరు ఎంచుకోవడం

పద్ధతి మీద వారాలు చర్చించి, స్కోరును మాత్రం డిఫాల్ట్‌గా వదిలేయడం చాలా చోట్ల కనిపిస్తుంది. ఒక ఉదాహరణ. సరస్సులో మామూలుగా లీటరుకు 10 మైక్రోగ్రాముల క్లోరోఫిల్, ఒక వారం 60కి ఎగిసింది. మీ మోడల్ కూడా 60 చూపించింది, కానీ వారం ఆలస్యంగా. వర్గాల తప్పు లెక్కిస్తే 50 చొప్పున రెండుసార్లు, మొత్తం 5000. బ్లూమ్ అనేదే చూపించని, ఎప్పుడూ 10 దగ్గరే ఉండే పనికిమాలిన మోడల్‌కు 2500. వర్గాల తప్పు మీదే ఆధారపడే నాష్-సట్‌క్లిఫ్ స్కోరు రెండోదాన్నే గెలిపిస్తుంది, ఆప్టిమైజర్ కూడా మీ మోడల్‌ను అటే తోసి చదును చేస్తుంది. అందుకే బ్లూమ్ ఎత్తు, మొదలైన తేదీ, ఉన్న రోజులు అనే మూడింటిని విడిగా లెక్కించి కలపడం, లేదా సగటు, హెచ్చుతగ్గులు, సహసంబంధాలను వేరుగా చూసే కేజీఈ అనే స్కోరును వాడటం మెరుగు.

కొలతలకూ వాటి స్వభావాలుంటాయి. సెంటినెల్-2 జంట ఉపగ్రహాలు ఐదు రోజులకోసారి, పది నుంచి అరవై మీటర్ల స్పష్టతతో చిత్రాలిస్తాయి, మబ్బులు లేకపోతే. కానీ అవి చూసేది పై నీటినే. థర్మోక్లైన్ దగ్గర లోతున పెరిగే ప్లాంక్టోత్రిక్స్ రుబెసెన్స్ లాంటి సయనోబాక్టీరియా (నీలిఆకుపచ్చ ఆల్గే అనేది వీటినే) వాటికి కనిపించదు. ఫ్లోరెసెన్స్ ప్రోబ్‌లు మిట్టమధ్యాహ్నం ఎండలో పై నీటిలో తక్కువ చూపిస్తాయి, ఆల్గే తగ్గి కాదు, కణాలు వెలుతురుకు స్పందించే తీరు వల్ల. రాత్రి రీడింగులు తీసుకోండి. ఇక మొత్తం క్లోరోఫిల్ ఒక్కటే ఉండి మోడల్‌లో ఐదు ఆల్గే గుంపులు పెట్టుకుంటే, ఏ గుంపు ఎంతుందో ఏ పద్ధతీ తేల్చలేదు. సూక్ష్మదర్శిని లెక్కలున్నాయా, అప్పుడు డయాటమ్‌లు, ఆకుపచ్చ ఆల్గే, సయనోబాక్టీరియా అని మూడు పెట్టండి. లేకపోతే ఒకటే.

వేరే పరిస్థితిలో పరీక్ష

డేటాను మొదటి సగం, రెండో సగం అని విడగొట్టడం బలహీనమైన పరీక్ష. వానలు బాగా పడిన ఏళ్లలో కాలిబ్రేట్ చేసి, కరువు ఏడాదిలో పరీక్షించండి. అమెరికాలోని లేక్ వాషింగ్టన్ కథ ఇక్కడ గుర్తుంచుకోదగ్గది. 1963 నుంచి 1968 మధ్య మురుగునీటిని సరస్సు నుంచి మళ్లించారు, ఫాస్ఫరస్ తగ్గింది, నీరు తేటపడింది. అక్కడిదాకా పోషకాల మోడల్ ఏదైనా చెప్పగలదు. కానీ 1976లో డాఫ్నియా అనే జూప్లాంక్టన్ పెద్దసంఖ్యలో స్థిరపడి ఆల్గేను తినేయడంతో నీరు ఇంకా తేటపడింది. తినే నష్టాన్ని ఒక స్థిరాంకంగా పెట్టి 1970ల మొదట్లో కాలిబ్రేట్ చేసిన మోడల్ ఏదైనా, ఎంత గొప్ప అల్గారిథమ్‌తో చేసినా, దీన్ని చూపించలేదు. కెనడాలో ప్రయోగం కోసం పోషకాలు కలిపిన లేక్ 227లోనూ అంతే. 1990 నుంచి నైట్రోజన్ కలపడం ఆపి ఫాస్ఫరస్ మాత్రమే ఇచ్చినా బ్లూమ్‌లు కొనసాగాయి, గాలిలోని నైట్రోజన్‌ను పట్టుకునే సయనోబాక్టీరియా వల్ల. ఆ ప్రక్రియ లేని మోడల్‌ను ఎంత తిప్పినా ఆ ఫలితం రాదు.

మీ పరిస్థితికి ఏది?

నెలవారీ కొలతలు, రెండు మూడేళ్ల డేటా, వేగంగా నడిచే మోడల్, ప్రశ్న కేవలం సరస్సు ఎలా పనిచేస్తోందో తెలుసుకోవడం: కొన్నాళ్లు చేత్తో, తర్వాత మోరిస్, తర్వాత ఐదారు పారామీటర్లతో డీడీఎస్. ఇంతకన్నా ఖరీదైనది ఈ డేటాకు అక్కర్లేదు.

రన్‌కు పది నిమిషాలో అరగంటో పట్టే టూడీ రిజర్వాయర్ మోడల్, పక్కన కొన్ని కోర్‌లున్న సర్వర్: పెస్ట్, వేర్వేరు ఆరంభాలతో. రిజర్వాయర్‌లో నీటిని తీసే లోతు మారుస్తుంటారు కాబట్టి తూముల రికార్డు సరిగా ఉందో లేదో ముందు చూడండి.

డబ్బుతో, చట్టంతో ముడిపడిన నిర్ణయం, అంటే ఫాస్ఫరస్ ఎంత తగ్గించాలి లాంటిది: ఒక్క కాలిబ్రేషన్‌తో పోకండి. కనీసం గ్లూ, వీలైతే ఎంసీఎంసీ, ఇంకా వీలైతే ఒకటికి మించి మోడళ్లు. లేక్ ఎరీకి 2008తో పోలిస్తే ఫాస్ఫరస్ 40 శాతం తగ్గించాలన్న లక్ష్యాన్ని 2016లో అమెరికా, కెనడా ఒప్పుకున్నప్పుడు వెనకున్నది అనేక మోడళ్ల ఫలితాలను పక్కపక్కన పెట్టి చూసిన పని.

వారం ముందు బ్లూమ్ హెచ్చరిక కావాలంటే, సాధారణ కాలిబ్రేషన్ ఒకసారి చేసి ఎన్‌సెంబుల్ కాల్మన్ ఫిల్టర్‌కు వెళ్లండి. పారామీటర్ల గురించి ఎక్కువ టెన్షన్ పడనక్కర్లేదు, రోజూ వచ్చే డేటా నాణ్యత గురించే పడాలి.

ఇవన్నీ చేశాక కూడా సమానంగా సరిపోయే రెండు గుంపులు చేతిలో మిగిలితే, ఇంకో అల్గారిథమ్ కోసం వెతక్కండి. మీ అసలు ప్రశ్నను, ఫాస్ఫరస్ తగ్గింపో నీటిమట్టం మార్పో, రెండింటితోనూ నడపండి. జవాబు ఒకటే వస్తే కాలిబ్రేషన్ అక్కడితో ఆపేయొచ్చు. వేరుగా వస్తే ఆ రెండింటినీ విడదీసే కొలత ఏదో చూడండి. సాధారణంగా అది నష్టాల వైపే ఉంటుంది: నీటిలో వేలాడదీసే అవక్షేప ట్రాప్‌లు, జూప్లాంక్టన్ లెక్కింపు, సీసాల్లో నీటిని పలచన చేసి ఆల్గే ఎంత వేగంగా తినబడుతోందో చూసే ప్రయోగం. ఒక్క వేసవి ఈ కొలతలు తీసుకుంటే, మోడల్‌లో ఆ ఒక్క పారామీటర్‌ను బిగించి మిగతావాటిని మళ్లీ నడపడానికి సరిపోతుంది.